సముద్రపు దిబ్బలపై గాలపు వేట: రీలు నెన్నుకొను విధము

మన జనవాడకు సముద్రము మిక్కిలి దూరము. బీదరు పీఠభూమి ఎఱ్ఱమట్టిలో పెరిగిన మన పిల్లలలో పెక్కుమంది కెరటమును బొమ్మలలోనే చూచియున్నారు. మనకు తెలిసిన నీరు మంజీర. ఆ నది బాలాఘాటు కొండలలో పుట్టి, మన జిల్లా గుండ ప్రవహించి, నిజాంసాగరమును నింపి, కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. గోదావరితో కూడి బంగాళాఖాతమును చేరును. నీరు పోయిన త్రోవనే మనుష్యులును పోవుచున్నారు. మన ప్రాంతపు యువకులు బ్రతుకుతెరువునకై హైదరాబాదు, బొంబాయి మాత్రమే గాక సముద్రతీరములకును, ద్వీపములకును వెళ్లుచున్న దినములివి.

అట్టి ద్వీపములలో అండమాను ఒకటి. అచ్చట తెలుగువారు కొత్తవారు కారు. శ్రీకాకుళము, విశాఖపట్టణము మొదలగు తీరములనుండి వెళ్లి స్థిరపడిన జాలరి కుటుంబములు అనేకములు కలవు. 2011 జనాభా లెక్కల ననుసరించి ఆ ద్వీపములలో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి సుమారు 13 మంది. మనవలెనే వారును తమది కాని రాజభాషల నడుమ తమ పలుకును కాపాడుకొనుచున్న అల్పసంఖ్యాకులు. 2024వ సంవత్సరమున శ్రీ విజయపురమని పేరు మార్పబడిన పోర్టు బ్లెయిరు పట్టణపు రేవులలో తెలుగు మాట నేటికిని వినబడును.

గత సంవత్సరము మా పూర్వవిద్యార్థి యొకని తండ్రి మా కార్యాలయమునకు వచ్చి యొక సలహా నడిగెను. ఆయన కుమారుడు అండమానులో నొక పడవపై పనిచేయుచున్నాడు. విహారమునకు వచ్చువారిని సముద్రములోనికి గొనిపోయి, పగడపు దిబ్బల వద్ద గాలపు వేట చేయించుట ఆ పడవ పని. “నాయనా, నాకు మంచి రీలొకటి కావలెను, డబ్బు పంపుము” అని కుమారుడు కోరెను. ధర విని తండ్రి నిర్ఘాంతపోయెను. అది ఆ యేటి కందిపంట రాబడిలో సగమునకు మించియుండెను. “అయ్యా, దారము చుట్టు చక్రమునకు ఇంత వెలయేమి? వాడు మోసపోవుచున్నాడా? లేక నిజముగా కావలసినదేనా?” అని ఆయన ప్రశ్న.

ఈ ప్రశ్న చిన్నది కాదు. ఇంటిలోని డబ్బు ఒక్కటే. దానిని కోరు పనులు నాలుగు. ఆ ఇంట ఇంకను చదువుకొనవలసిన బాలిక యొకతె కలదు. కావున ఆ తండ్రికి చెప్పిన విషయములను, తరువాత మేము విచారించి తెలిసికొన్నవానిని కలిపి, ఈ వ్యాసమున తల్లిదండ్రులందరికిని వివరింప దలచితిమి. రీలు కొనవలసిన అవసరము మీలో నూటి కొక్కరికిని రాకపోవచ్చును. కాని పనిముట్టు నెట్లు పరీక్షింపవలెనో తెలిసినచో అది పంపుసెట్టు కొనునపుడును, కుట్టుమిషను కొనునపుడును అక్కరకు వచ్చును. అదియుగాక మన ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు చదువు చక్రము, ఇరుసు, ఘర్షణ, తులాదండము అను పాఠములన్నియు ఈ చిన్న యంత్రములో నిమిడియున్నవి.

రీలు అనగా నేమి?

మంజీర యొడ్డున మన పిల్లలు వాడు గాలమునకు ఒక వెదురుకోల, దాని కొనకు కట్టిన దారము, కొక్కెము, ఎర చాలును. దారము కోల యెంత పొడవో సుమారంతే. చేప పట్టుబడినపుడు కోల నెత్తి యొడ్డున పడవేయుదురు. చేప చిన్నది కావున ఇది చెల్లును. సముద్రమున చేప మనిషితో సమానమైన బలము గలది. అది పరుగెత్తినపుడు దారము నిచ్చుచు, అలసినపుడు దారమును లాగుకొనుచు ఉండవలెను. ఇచ్చుట, లాగుకొనుట అను ఈ రెండు పనులు చేయు సాధనమే రీలు. మన నేతగాండ్రు నూలు చుట్టు కండె వంటిదానిని కోలకు బిగించి, దానికి పిడి యమర్చినట్లు భావించిన సరిపోవును.

ఈ పోలిక కేవలము పోలిక కాదు. చరిత్రయు నట్లే యున్నది. కోలకు చక్రము కట్టి చేపలు పట్టుట చీనాదేశమున ప్రాచీనము. 12వ శతాబ్ది చివర మాయువాన్ అను చిత్రకారుడు వ్రాసిన యొక చిత్రమున పడవలో కూర్చున్న జాలరి కోలపై రీలు స్పష్టముగా కనబడును. 19వ శతాబ్ది తొలి దశకములలో అమెరికాయందలి కెంటకీ రాష్ట్రమున జార్జి స్నైడరు అను గడియారముల పనివాడు పళ్లచక్రములను జేర్చి, పిడి యొకసారి త్రిప్పిన కండె పలుమారులు తిరుగు రీలును చేసెను. 1905లో ఇంగ్లండున ఉన్ని మిల్లుల యజమానియైన ఆల్ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్తు కండె కదలకుండగనే దాని కొననుండి దారము జారిపోవు రీలునకు పేటెంటు పొందెను. మిల్లులో కండెల కొనలనుండి నూలు జారుట ఆయన నిత్యము చూచినదే. నేడు ప్రసిద్ధమైన షిమానో సంస్థ 1921లో జపానుదేశపు సకాయి పట్టణమున సైకిలు ఫ్రీవీలు చేయుటకై పుట్టినది. 1970 ప్రాంతమున రీళ్ల తయారికి దిగినది. గడియారము, మగ్గము, సైకిలు — ఈ మూడును ఎరిగినవాడు రీలు నెరుగుట కష్టము కాదు.

రెండు విధముల రీళ్లు

అంగడిలో పేరులు నూరు వినబడినను జాతులు ముఖ్యముగా రెండే.

మొదటిది కండె తిరుగని రీలు. దీనిని స్పిన్నింగు రీలందురు. ఇది కోల క్రింద వ్రేలాడును. తీగ కమాను నొకదానిని ఎత్తిపెట్టి, ఎరను విసరినపుడు దారము కండె కొనమీదుగా చుట్టలు చుట్టలుగా జారిపోవును. కమాను మూసి పిడి త్రిప్పినపుడు ఆ కమాను కండె చుట్టును తిరిగి దారమును మరల చుట్టును. విసరుట సులభము, చిక్కుపడుట అరుదు, కొత్తవాడును గంటలో నేర్చుకొనును. కాని దారము కండెపైకి వచ్చునపుడు చిన్న రోలరు మీద మూల తిరుగవలెను. అచ్చట కొంత బలము వ్యర్థమగును, దారము మెలిపడును.

రెండవది కండె తిరుగు రీలు. ఇది కోలపైన కూర్చుండును. మన చేదబావి గిలకవలె దారము తిన్నగా వచ్చి కండెపై చుట్టుకొనును. మూల తిరుగుట లేదు కావున బరువు లాగుటకు ఇది మేలు. కాని విసరునపుడు కండె దారము కంటె వేగముగా తిరిగినచో దారము పక్షిగూడు వలె చిక్కుపడును. బొటనవ్రేలితో కండెను అదుపులో నుంచుట నేర్వవలెను. దీనికి అభ్యాసము కావలెను.

ఈ రెండుగాక, 200 మీటర్లకు మించిన లోతులలో దింపుటకు బ్యాటరీతో తిరుగు విద్యుత్తు రీళ్లు కలవు. ఏ రీలును లేక చేతిత్రాడుతో వేటాడుట అన్నింటికంటె ప్రాచీనము. మన తెలుగు జాలరులలో పెక్కుమంది నేటికిని చేతిత్రాటితోనే పెద్ద చేపలను లాగుచున్నారు. ఈ మాట తల్లిదండ్రులు మరువరాదు; ఏలయన “రీలు లేనిది పని జరుగదు” అను మాట ఎల్లవేళల నిజము కాదు.

పని నెరిగి పనిముట్టు

ఎట్టి రీలు మంచిదని అడుగుట కంటె, ఎట్టి వేటకని ముందుగా అడుగవలెను. పగడపు దిబ్బల వద్ద వేట మూడు విధములు.

నీటిపైన తేలు కొయ్యచేపను దూరముగా విసరి, కుదుపుచు లాగుట యొకటి. దీనికి పాపింగు అని పేరు. జెయింటు ట్రెవల్లీ అను మహాబలశాలియైన చేపకై ఈ వేట చేయుదురు. ఇది మన తీరమున పారలని పిలువబడు చేపల జాతికి చెందినది. 2006లో జపానున పట్టుబడిన యొక జెయింటు ట్రెవల్లీ 72.8 కిలోగ్రాములు తూగెను. ఈ వేటలో రోజున వందలసార్లు విసరవలెను కావున కండె తిరుగని పెద్ద రీలే తగినది.

బరువైన లోహపు ముక్కను దిబ్బ పార్శ్వమున తిన్నగా దింపి, పైకి ఎగురవేయుచు లాగుట రెండవది. దీనికి జిగ్గింగు అని పేరు. విసరుట లేదు కావున రెండు జాతులును పనికివచ్చును.

ఎరను కట్టి అడుగునకు దింపి వేచియుండుట మూడవది. గ్రూపర్లు, ఎఱ్ఱని స్నాపర్లు మొదలగు రాతిచేపలకై ఇట్లు చేయుదురు. దీనికి కండె తిరుగు రీలు మేలు, చేతిత్రాడు చాలును.

కావున పాపింగు చేయువానికి కండె తిరుగు రీలు పంపినను, అడుగున ఎర వేయువానికి లక్షరూపాయల స్పిన్నింగు రీలు పంపినను డబ్బు నీటిపాలే. ఎడ్లబండికి కారు చక్రము కొన్నట్లగును.

బిగువు: రీలు ప్రాణము

చేప లాగినపుడు దారము తెగకుండ, కండె కొంత బలమునకు లొంగి జారవలెను. ఈ యేర్పాటును డ్రాగందురు. మనము బిగువని చెప్పుకొందము. కండెలో బిళ్లలు ఒకదానిపై నొకటి పేర్చియుండును. మరను బిగించిన కొలది అవి ఒత్తుకొని ఘర్షణ పెరుగును. సైకిలు బ్రేకు వంటిదే. స్పిన్నింగు రీలులో మర కండె కొనను ఉండును. కండె తిరుగు రీళ్లలో నక్షత్రాకారపు చక్రము గాని, ప్రక్కకు జరుపు మీట గాని ఉండును. మీట గలదానిలో బిగువును ముందుగా కొలిచి నిలిపి, వేట నడుమ తడుముకొనకుండ ఆ గుర్తుకే తేవచ్చును.

బిగువు ఎంత ఉండవలెను? దారము తెగు బలములో నాలుగవవంతు మొదలు మూడవవంతు వరకని అనుభవజ్ఞుల మాట. దారము 36 కిలోగ్రాములకు తెగునదైనచో బిగువు 9 మొదలు 12 కిలోగ్రాముల వరకు. దీనిని చేతితో అంచనా కట్టరాదు. స్ప్రింగు త్రాసును దారపు కొనకు తగిలించి లాగి, కండె జారుట మొదలిడినపుడు ముల్లు చూపు అంకెను చదువవలెను. మన పాఠశాల ప్రయోగశాలలోని స్ప్రింగు త్రాసు చేయు పనియు నిదే.

ఇచ్చట గణితమొకటి కలదు. కండె నిండుగా నున్నపుడు దాని వ్యాసార్ధము 3.5 సెంటీమీటర్లనుకొందము, బిగువు 9 కిలోగ్రాములు. చేప పరుగెత్తి దారము చాల పోయి, వ్యాసార్ధము 2.8 సెంటీమీటర్లకు తగ్గినది. మర నెవ్వరును ముట్టలేదు. కాని దారముపై బిగువు 9 కాదు. బిళ్లల ఘర్షణ త్రిప్పుడు బలముగా మారక యుండును. వ్యాసార్ధము తగ్గిన కొలది దారమున లాగుడు పెరుగును. 9ని 3.5తో హెచ్చించి 2.8తో భాగించినచో 11.25 వచ్చును. తెలియనివాడు చేప పారిపోవుచున్నదని భయపడి మరను ఇంకను బిగించును. దారము తటాలున తెగును. చేప నోట కొక్కెముతోను, వెంట మీటర్లకొలది దారముతోను దిబ్బలలో చిక్కుకొని చచ్చును. ఇది వేటగానికి నష్టము, చేపకు హింస.

దిబ్బల వేటలో మరియొక చిక్కు కలదు. నడిసముద్రమున చేప ఎంత దూరము పోయినను వేచియుండవచ్చును. దిబ్బ వద్ద చేప పట్టుబడిన మరుక్షణమే రాతిగుహలోనికి దూరజూచును. రాయి తగిలిన దారము కత్తి తగిలినట్లు తెగును. కావున మొదటి కొన్ని క్షణములలోనే చేపను నిలుపవలెను. అందుచే ఇచ్చట బిగువు అధికముగాను, నునుపుగాను ఉండవలెను. నునుపనగా, కుదుపు లేక ఒకే తీరున జారుట. అగ్గువ రీళ్లు మొదట పట్టుకొని, పిదప ఒక్కసారిగా వదలును. ఆ కుదుపే దారమును తెంచును. వెలగల రీలునకును, అగ్గువ రీలునకును గల నిజమైన భేదము ఇచ్చట కలదు.

అయినను పెట్టెపై వ్రాసిన అంకెకు మోసపోరాదు. “30 కిలోగ్రాముల బిగువు” అని ప్రకటింతురు. ఊగుచున్న పడవపై నిలిచి 12 కిలోగ్రాముల లాగుడును కొన్ని నిమిషములు భరించుటయే బలవంతునకు కష్టము. అంతకు మించి బిగించినచో మనిషి పడవ అంచు దాటి పడును. కాగితముపై నున్న బలము మన చేతిలో నుండదు.

పళ్లచక్రముల లెక్క

అంగడివారు “5:1” అని చెప్పుదురు. పిడి ఒకసారి తిరిగిన చుట్టు ఐదు పడునని దాని యర్థము. రాట్నపు పెద్దచక్రము ఒకసారి తిరిగినపుడు కదురు పలుమారులు తిరుగుట వంటిది. కండె అడ్డుకొలత 7 సెంటీమీటర్లయినచో దాని చుట్టుకొలత 22 సెంటీమీటర్లు. ఐదు చుట్లకు 110 సెంటీమీటర్ల దారము వచ్చును. నిష్పత్తి 2.5:1 అయినచో 55 మాత్రమే వచ్చును.

అట్లయిన పెద్ద అంకె గలదే మేలుగదా అని తోచును. కాని వేగము లభించినచోట బలము తగ్గును; ప్రకృతి ఉచితముగా నేదియు నీయదు. పిడి పొడవు 7 సెంటీమీటర్లనుకొందము. 10 కిలోగ్రాముల బలముతో పిడి త్రిప్పినచో, 5:1 రీలులో దారమును లాగు బలము 4 కిలోగ్రాములు, 2.5:1లో 8 కిలోగ్రాములు. లోపలి ఘర్షణ వలన నిజముగా ఇంకను కొంత తగ్గును. కావున తేలు ఎరను వేగముగా లాగవలసిన పాపింగునకు పెద్ద నిష్పత్తి. లోతునుండి బరువైన రాతిచేపను పైకి తేవలసినచోట చిన్న నిష్పత్తి. కొండ నెక్కు సైకిలువాడు గేరు మార్చినట్లు, రెండు నిష్పత్తులు గల రీళ్లును కలవు.

నేర్పరి పిడితో చేపను లాగడు. కోలను మెల్లగా పైకెత్తి చేపను దగ్గరకు తెచ్చును; కోలను దించునపుడు వదులైన దారమును చుట్టుకొనును. లాగునది కోల, దాచుకొనునది రీలు. ఈ నేర్పు లేనివాని చేతిలో ఎంత వెలగల రీలును పళ్లు అరగి పాడగును.

దారము, దాని తావు

పూర్వము నూలు, నార, పట్టు దారములు వాడిరి. 1938 తరువాత నైలాను వచ్చెను. నేడు సన్నని పాలిఎథిలీను పోగులను జడవలె అల్లిన దారము ప్రచారములో నున్నది. సమానబలమునకు ఇది నైలాను కంటె మిక్కిలి సన్నము, సాగదు. కావున చిన్న కండెలోనే 300 మీటర్లు పట్టును. లోతున చేప ముట్టినను వ్రేలికి తెలియును.

దీనికి దోషములు మూడు. రాయి తగిలినచో వెంటనే తెగును. కావున కొక్కెమునకు ముందు కొన్ని మీటర్లు లావైన నైలాను ముక్కను కలుపవలెను. కండెపై జారును, కావున అడుగున కొద్దిగా నైలాను చుట్టి, దానిపై నీ దారమును తడిపి బిగువుగా చుట్టవలెను. మూడవది ప్రమాదకరమైనది: లాగుడులో నున్న ఈ దారము చర్మమును, మాంసమును కోయును. దానిని చేతికి చుట్టుకొని లాగుట వ్రేళ్లను పోగొట్టుకొనుటయే. చేతితొడుగు లేక ముట్టరాదు. కుమారునికి రీలు పంపు తండ్రి, దానితోపాటు రెండు జతల చేతితొడుగులు పంపుట మరువరాదు.

రీలు వెలను లెక్కించునపుడు దారపు వెలను కూడ కలుపవలెను. మంచి దారము అగ్గువగా దొరకదు. దిబ్బలలో తరచు తెగిపోవును. ఉన్న డబ్బంతయు రీలునకే వెచ్చించి, దారమునకు మిగల్పనివాడు నాగలి కొని విత్తనము మరచినవాడు.

ఉప్పునీరు

సముద్రమున యంత్రమునకు మొదటి శత్రువు చేప కాదు, ఉప్పు. అగ్గువ ఉక్కు బేరింగులు కొన్ని దినములలోనే తుప్పు పట్టును. పెట్టెపై “పది బేరింగులు” అని వ్రాసినంత మాత్రమున మేలు కాదు. తుప్పు పట్టని మంచివి నాలుగు చాలును. దేహము అల్యూమినియపుదైనచో లాగుడులో వంగదు. ప్లాస్టికు వంటిదైనచో తేలికయే గాని బరువునకు మెలితిరిగి పళ్లు కలియవు. నీరు లోనికి పోకుండ రబ్బరు కట్లు గలవానికి వెల యెక్కువ. ఆ వెలకు న్యాయము కలదు. కాని గట్టిగా మూసిన రీళ్లను ఇంట విప్పి సరిచేయుట తగదు.

అండమాను ప్రధానభూమికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరమున నున్నది. పాడైన రీలును మరమ్మతునకు పంపి తిరిగి తెప్పించుకొనుటకు వారములు పట్టవచ్చును. కావున విడిభాగములు దొరకునా, విప్పి నూనె వేయగలవాడు దగ్గర కలడా అని ముందే విచారింపవలెను. దొరకని గొప్పదాని కంటె దొరకు మధ్యరకము మేలు.

నిత్యము చేయవలసిన సేవ సులభము. వేట ముగిసిన వెంటనే బిగువు మరను బిగించి, సన్నని మంచినీటి ధారతో కడుగవలెను. వేగమైన ధార ఉప్పును లోనికే నెట్టును. గుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, పిదప మరను వదులు చేసి దాచవలెను. వదులు చేయనిచో లోపలి బిళ్లలు నలిగి నునుపు పోవును.

కొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు

పైన చెప్పిన తండ్రికి మేము ఏ రీలు పేరును చెప్పలేదు. కుమారునికి ఫోను చేసి ఈ క్రింది ప్రశ్నల నడుగుమని ఒక కాగితముపై వ్రాసి యిచ్చితిమి.

1. మీ పడవపై తరచుగా చేయు వేట యేది? విసరుటయా, దింపుటయా?

2. నీటిలోతు ఎంత? దారము ఎన్ని మీటర్లు, ఎన్ని కిలోగ్రాములది కావలెను?

3. ఆ దారమునకు మూడవవంతు బిగువును రీలు నునుపుగా ఇచ్చునా? త్రాసుతో చూచితివా?

4. నీ కోలకు ఆ రీలు తూగునా? చేతపట్టి దినమంతయు విసరగలవా?

5. మరమ్మతు ఎవరు చేయుదురు? విడిభాగములు ఎచ్చట దొరకును?

6. రీలు, దారము, చేతితొడుగులు కలిపి మొత్తమెంత?

7. ఈ రీలు ఎవరి పనికి? నీ పనికా, యజమాని పనికా?

ఏడవ ప్రశ్నయే ముఖ్యమైనది. విచారింపగా తెలిసినదేమనగా, ఆ యువకుడు స్వయముగా చేయునది అడుగున ఎర వేయు వేట. దానికి చేతిత్రాడే వాడుచున్నాడు. విసరు వేట చేయువారు విహారమునకు వచ్చువారు. వారిలో కొందరు తమ రీళ్లను తామే తెచ్చుకొందురు. లేనివారికి యజమాని సమకూర్పవలెను. తనకు సొంత రీలుండినచో వేట చూపువానిగా ఎదుగవచ్చునని యువకుని ఆశ. ఆ ఆశ తప్పు కాదు. కాని మొదటి యేట లక్షరూపాయల రీలు అందుకు అవసరము లేదు. చివరకు తండ్రి, కుమారుడు మాటలాడుకొని, మధ్యరకపు స్పిన్నింగు రీలొకటి, దానికి తగిన దారము కొనుటకు నిశ్చయించిరి. మొదట అడిగిన దానిలో మూడవవంతుతో పని ముగిసెను. మిగిలిన డబ్బు ఆ బాలిక కళాశాల ప్రవేశమునకు ఉపకరించెను.

ఇచ్చట తండ్రి కుమారుని కాదనలేదు. కుమారుడు తండ్రిని నొప్పింపలేదు. నిర్ణయము చేసినది కొలతలు. “నీకేమి తెలియును” అని తండ్రిని కుమారుడును, “వృథా ఖర్చు” అని కుమారుని తండ్రియు అనుకొనుటకు బదులు, ఇరువురును ఒకే కాగితమును చూచుకొనిరి. దూరదేశమున నున్న పిల్లలు డబ్బు కోరినపుడు ఇట్టి కాగితమొకటి ప్రతి యింటను ఉండుట మేలు.

దిబ్బల పట్ల ధర్మము

పగడపు దిబ్బ రాయి కాదు. అసంఖ్యాకములైన చిన్న ప్రాణులు తరతరములుగా కట్టిన ఇల్లు. లంగరు పడవేసినచో క్షణములో విరుగును. తిరిగి పెరుగుటకు సంవత్సరములు పట్టును. పగడములు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద కాపాడబడుచున్నవి. జెయింటు గ్రూపరు అను మహాకాయపు చేపయు నట్లే. దానిని పట్టుట నేరము. అండమానులోని వండూరు వద్ద 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానమునందును, 1996లో ఏర్పడిన రాణీ ఝాన్సీ సముద్ర జాతీయోద్యానమునందును వేట నిషిద్ధము. ఎచ్చట వేటాడవచ్చునో, ఏ యనుమతి కావలెనో అచ్చటి మత్స్యశాఖ, అటవీశాఖల వారి నడిగి తెలిసికొనుట పడవపై పనిచేయువాని మొదటి కర్తవ్యము. చట్టము తెలియదనుట సమాధానము కాదు. పట్టుబడినపుడు బాధపడునది యజమాని కంటె ముందు కూలివాడే.

మంచి రీలు ఈ ధర్మమునకును తోడ్పడును. తగిన బలము గల రీలుతో చేపను త్వరగా ఒడ్డునకు తెచ్చి, ముల్లు లేని కొక్కెమును తీసి, ప్రాణముతో వదలవచ్చును. బలహీనమైన రీలుతో గంటసేపు లాగిన చేప వదలినను అలసి చచ్చును. లేదా సొరచేప నోట పడును.

మన పిల్లలకు

విజ్ఞానశాస్త్రపు పాఠములు పరీక్షల కొరకే అని భావించు తల్లిదండ్రులు కొందరు కలరు. వ్యాసార్ధము తగ్గిన లాగుడు పెరుగునను సూత్రము నల్లబల్లపై అక్షరములుగా మాత్రమే కనబడును. అదే సూత్రము తెలియనివాడు సముద్రమున దారము తెంచుకొనును; తెలిసినవాడు మరను కొద్దిగా వదలి చేపను దక్కించుకొనును. ఈ సంవత్సరము మేము పాఠశాల విజ్ఞాన ప్రదర్శనమున ఒక కండె, ఒక స్ప్రింగు త్రాసు, కొంత దారము ఉంచి, కండెపై దారము తగ్గినకొలది ముల్లు ఎట్లు పైకి పోవునో పిల్లలచే చూపింప దలచితిమి. దానికై ఖరీదైన వస్తువులు అక్కరలేదు. నేతకండె యొకటి, సైకిలు బ్రేకు రబ్బరు ముక్కలు రెండు చాలును.

తల్లిదండ్రులు ఆ దినమున తప్పక విచ్చేసి, పిల్లలు చెప్పు లెక్కను ఓపికతో విని, మీకు తోచిన ప్రశ్నల నడుగ ప్రార్థన. మీ ఇండ్లలో పనికిరాక పడియున్న రాట్నములు, గిలకలు, సైకిలు చక్రములు ఉన్నచో పాఠశాలకు పంపుడు. వానితో మా పిల్లలు నేర్చు పాఠము ఏ అంగడిలోను కొనలేనిది.